ఆకుపసరు - రక్తపింజర విషము

నేలకొండపల్లి ప్రాంతమున వరికోతలప్పుడు కొడవలి వ్రేలికి తగిలినచో, గట్టుమీది గడ్డిచామంతి ఆకును నలిపి ఆ పసరును గాయముపై పిండుట పరిపాటి. కొంతసేపటికి నెత్తురు నిలుచును. ఇది వట్టి నమ్మకము కాదు. అయితే ఆ పసరునకు గల శక్తి యెంత, దాని హద్దు ఎచ్చట అను విషయమును పంచాయతీ సభ్యులు ఎరిగియుండుట మిక్కిలి అవసరము.

రక్తము గడ్డకట్టు విధము

గాయమైన వెంటనే అచటి రక్తనాళము ముడుచుకొనును. ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు గుమిగూడి రంధ్రమును మూయును. పిమ్మట రక్తమునందు కరగియున్న ఫైబ్రినోజెన్ అను మాంసకృత్తు నూలుపోగులవలె మారి, వలగా అల్లుకొని గడ్డను గట్టిపరచును.

గడ్డిచామంతి ఆకుసారము కలిపిన రక్తము త్వరగా గడ్డకట్టినట్లు ప్రయోగశాలలందు గమనింపబడినది. కరక్కాయ, తుమ్మబెరడు మున్నగువాని యందలి వగరు పదార్థములు గాయపు అంచులను ముడుచుకొనజేయును. అయినను మట్టి అంటిన ఆకువలన ధనుర్వాతము సోకు భయము కలదు. కావున శుభ్రమైన గుడ్డతో గాయమును అదిమిపట్టుటయే మొదటి చికిత్స.

పసరు పనిచేయని చోటు

రక్తపింజర కాటు వేరు సంగతి. దాని విషము శరీరమంతటను రక్తమును లోలోపల గడ్డకట్టించుచు ఫైబ్రినోజెన్‌ను ఖర్చుచేసివేయును. ఆ పిమ్మట రక్తము గడ్డకట్టజాలదు, చిగుళ్లనుండియు, మూత్రమునందును నెత్తురు కనబడును, మూత్రపిండములు చెడును. నూలే లేనప్పుడు మగ్గమెంత మంచిదైనను బట్ట నేయజాలదు గదా! పైపూతగాని, త్రాగించిన పసరుగాని ఇచట కాలహరణమే యగును. కాటును కోయుట మరింత ప్రమాదకరము. కోసిన చోట నెత్తురు నిలువదు. బిగించి కట్టుటయు కూడదు.

ఆసుపత్రిలో వైద్యులు 2 మిల్లీలీటర్ల రక్తమును పొడి గాజుగొట్టములో పోసి, 20 నిమిషములు కదల్చక ఉంచుదురు. అప్పటికిని గడ్డకట్టనిచో విషము రక్తమున కెక్కినట్లు తెలియును. గుఱ్ఱములకు కొలదిగా విషమెక్కించి, వాని రక్తమునుండి తయారుచేసిన విరుగుడు సూదిమందే దీనికి చికిత్స. మన దేశమున దొరకు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని పనిచేయును. విషము విరిగిన పిదప కాలేయము కొన్ని గంటలలో ఫైబ్రినోజెన్‌ను మరల సమకూర్చును.

పంచాయతీ చేయవలసినవి

2000 నుండి 2019 వరకు మన దేశమున పాముకాటువలన సుమారు 12 లక్షలమంది మరణించిరని అంచనా. వీరిలో పెక్కుమంది పల్లెలవారే. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గించుటకై కేంద్ర ప్రభుత్వము 2024లో కార్యాచరణ ప్రణాళికను ప్రకటించినది.

విరుగుడు మందు సమీపమున ఏ ఆసుపత్రిలో నున్నదో వర్షములకు ముందే విచారించి, ఆ పేరును 108 సంఖ్యతోపాటు పంచాయతీ గోడపై వ్రాయింపవలెను. వాహనము రాజాలని గూడెములకు మరియొక ఏర్పాటు ముందుగానే యుండవలెను. కరచిన కాలినిగాని చేతినిగాని కదలనీయక, రోగికి ధైర్యము చెప్పి, నడిపింపక కొనిపోవలెను. రాత్రి పొలమునకు పోవువారు దీపమును, బూట్లను విడువరాదు.

ఊరి పసరువైద్యులను చులకన చేయవలదు. కాటుపడినవాడు మొదట వారి గడపకే వచ్చును గనుక, వారినే సభకు పిలిచి ఈ సంగతి వివరింపవలెను. కొడవలి గాటునకు ఆకు, పాముకాటునకు ఆసుపత్రి అని వారి నోట వెలువడిన మాటను ఊరంతయు వినును.