అట్టపెట్టె మీది వాట్లు

2023 మాఘమాసంలో ఒక ఆదివారం తెల్లవారుజామున బరంపురం నుంచి అరసవల్లికి కారులో బయలుదేరాం. ముందు సీట్లో నా పక్కన అమ్మ, వెనక నా శ్రీమతి, మా అబ్బాయి. అమ్మకు డెబ్భై తొమ్మిదేళ్ళు. చెవులు కాస్త మందగించాయి. ఇచ్ఛాపురం దాటగానే అలవాటు ప్రకారం ఘంటసాల పద్యాలు పెట్టాను. "ఇంకొంచెం పెంచు నాయనా" అంది. పెంచాను. కంచిలి దగ్గర మళ్ళీ "ఇంకొంచెం" అంది. మళ్ళీ పెంచాను. పద్యాలు అయిపోయి, అదే పెన్‌డ్రైవ్‌లో మా అబ్బాయి ఎక్కించుకున్న కొత్త సినిమా పాటలు మొదలయ్యాయి. డప్పుల మోత. పలాస చేరేలోగా అమ్మవైపు తలుపులోని స్పీకరు ముందు గరగరమంది, తరవాత బొంగురుపోయింది, ఆఖరికి మూగబోయింది. ఏదో కాలిన వాసన కూడా వచ్చింది.

"అంత పెంచితే అంతే మరి" అన్నాను. ఎవరినో ఉద్దేశించి అన్న మాట కాదు. కాని అమ్మ తనననే అనుకుంది. తిరుగు ప్రయాణంలో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ తరవాత ఎనిమిది నెలలపాటు కారులో ఎప్పుడు పాటలు పెట్టబోయినా "వద్దులే, మళ్ళీ పాడవుతుంది" అనడమే.

అసలు దోషి ఎవరో తేలడానికి ఆ ఎనిమిది నెలలూ పట్టింది. సోలాపురం నుంచైనా, హోసూరు నుంచైనా మనవాళ్ళు ఊరికి కారులో బయలుదేరితే పాటలు తోడు ఉండవలసిందే. కనుక నేను తెలుసుకున్నది మన పత్రిక పాఠకులకు పనికొస్తుందని రాస్తున్నాను. నేను చదివింది బి.కాం., చేసేది బ్యాంకు ఉద్యోగం. అందుచేత లెక్కల దారిలోనే చెబుతాను.

స్పీకరు లోపల

పోయిన స్పీకర్ని మా వీధి చివర కారు ఎలక్ట్రీషియన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అతను మధ్యలోని కాగితపు గిన్నెను రెండు బొటనవేళ్ళతో మెల్లగా లోపలికి నొక్కాడు. లోపల ఇసుక రాసుకున్నట్టు చప్పుడైంది. "కాయిల్ కాలిపోయింది సార్" అని, అంచు కోసి చూపించాడు. సన్నని రాగితీగ చుట్ట నల్లగా మాడి, పొరలు ఊడి ఉంది.

అమెరికాలో చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెల్లాగ్ అనే ఇంజనీర్లు 1925లో ప్రకటించిన నమూనాయే ఈనాటికీ స్పీకర్లకు ఆధారం. ఒక అయస్కాంతం, దాని సందులో తీగచుట్ట, ఆ చుట్టకు అంటించిన గిన్నె, అంతే. చుట్టలో పాట కరెంటు పారితే అది ముందుకూ వెనక్కూ కదులుతుంది. గిన్నె గాలిని తోస్తుంది. మనకు పాట వినిపిస్తుంది.

ఇక్కడ నన్ను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది. మనం ఇచ్చే విద్యుత్తులో శబ్దంగా మారేది నూటికి ఒక పాలు, అటూ ఇటూగా. మిగిలినదంతా వేడే. 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ సీసాన్ని కరిగిస్తుంది. అంత వేడినీ బొటనవేలంత లావున్న తీగచుట్ట భరించాలి. భరించలేనప్పుడు తీగ మీది పూత మాడుతుంది, జిగురు కరుగుతుంది, చుట్ట వదులై అయస్కాంతానికి రాసుకుంటుంది. ఇది మొదటి రకం చావు. రెండో రకం, గిన్నె తన హద్దు దాటి ఊగడం. బాస్ శబ్దానికి గిన్నె ఎక్కువ దూరం కదలాలి. హద్దు మీరితే చుట్ట వెనక పళ్ళేనికి కొట్టుకుంటుంది, లేదా అంచు చిరుగుతుంది.

పెట్టె మీది అంకె

నేను కొన్న స్పీకర్ల పెట్టె మీద 250 వాట్లు అని పెద్దక్షరాలతో ఉంది. స్టీరియో పెట్టె మీద 50 వాట్లు, నాలుగు చానెళ్ళు అని ఉంది. 50 ఇచ్చేది 250 తట్టుకునేదాన్ని ఏం చేస్తుందని ధీమాగా కొన్నాను. తీరా పెట్టె అడుగున కళ్ళద్దాలు పెట్టుకుని చూస్తే, చిన్న అక్షరాలతో "30 వాట్లు ఆర్.ఎం.ఎస్." అని ఉంది.

ఆర్.ఎం.ఎస్. అంటే స్పీకరు ఆగకుండా తట్టుకోగలిగిన శక్తి. పీక్ లేదా మాక్స్ అంటే ఒక్క క్షణం తట్టుకోగలిగింది. మా భాషలో చెప్పాలంటే మొదటిది ఏడాది పొడుగునా ఉండే సగటు నిల్వ, రెండోది మార్చి 31న చూపించే నిల్వ. ఒకప్పుడు టేప్‌రికార్డర్ల మీద పి.ఎం.పి.ఓ. అని వేలల్లో వాట్లు రాసేవారు, గుర్తుందా? దానికి ఒక ప్రమాణమే లేదు. అప్పు ఇచ్చేముందు ఇతరుల లెక్కల్లో ఇలాంటివి ఇట్టే పట్టుకునే నేను, నా సొంత కొనుగోలులో మోసపోయాను.

మరి స్టీరియో 50 వాట్ల మాటేమిటి? ఇంజను నడుస్తున్నప్పుడు కారులో సుమారు 14.4 వోల్టులు ఉంటాయి. నున్నటి తరంగానికి శిఖరం అంతకు మించదు. దాని ఆర్.ఎం.ఎస్. విలువ 14.4ను 0.707తో గుణిస్తే 10.2 వోల్టులు. ఆ అంకెను దానితోనే హెచ్చించి, స్పీకరు 4 ఓములతో భాగిస్తే 26 వాట్లు. స్టీరియో లోపలి నష్టాలు పోను శుభ్రంగా వచ్చేది 20 వాట్ల దాపు. మరి 50 ఎక్కడిది? 14.4ను 14.4తో హెచ్చించి నాలుగుతో భాగించండి. 52 వస్తుంది. అంటే శిఖరాన్ని పూర్తిగా నరికి, తరంగాన్ని చతురంగా చేసి, పాట పాటగా మిగలని స్థితిలో వచ్చే శక్తి అన్నమాట.

తల నరికిన తరంగం

అసలు కీలకం ఇక్కడే ఉంది. స్టీరియో తనకున్న వోల్టుల కన్నా ఎక్కువ ఇవ్వమని మనం అడిగినప్పుడు, శిఖరాలను అక్కడికక్కడ కోసేస్తుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. మామూలు పాటలో శిఖరాలు క్షణకాలం వచ్చిపోతాయి. సగటు శక్తి శిఖర శక్తిలో పదో వంతో, అంతకన్నా తక్కువో ఉంటుంది. ఆ విరామంలో తీగచుట్ట చల్లబడుతుంది. తలలు నరికిన పాటలో ఆ విరామం తగ్గిపోతుంది, సగటు పెరుగుతుంది. పూర్తిగా చతురమైన తరంగం అదే శిఖరమున్న నున్నటి తరంగానికి రెట్టింపు శక్తి మోస్తుంది. 20 వాట్ల స్టీరియో 40 వాట్ల వేడి పుట్టించగలదు. నా స్పీకరు తాహతు 30. పైగా నరికిన అంచుల నుంచి కొత్తగా కీచు శబ్దాలు పుడతాయి. అవి చిన్న ట్వీటర్ మీద పడతాయి. అది తట్టుకునేది కొద్ది వాట్లే.

చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్ని పాడు చేస్తుందన్న మాట చాలామంది చెబుతారు. అది సగమే నిజం. చిన్నది చిన్నగా పాడితే ఏ హానీ లేదు. దాని శక్తికి మించి పాడించాలనుకున్నప్పుడే ముప్పు.

దీనికి తోడు నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. కొన్న రోజే బాస్ బూస్ట్ మీట చివరిదాకా తిప్పాను. పది డెసిబెల్స్ పెంచడమంటే ఆ శబ్దానికి పదింతలు శక్తి అడగడమని అప్పుడు తెలియదు. మూడు డెసిబెల్స్‌కే రెట్టింపు కావాలి.

ఇప్పుడు అమ్మ సంగతి చూడండి. పాత పద్యాల రికార్డింగు మెల్లగా ఉంటుంది, అందులో బాస్ బహు స్వల్పం. మీట ఎంత పైకి తిప్పినా స్టీరియో నుంచి వెళ్ళింది కొద్ది వాట్లే. తరంగం నరకబడలేదు. ఆ తరవాత అదే మీట దగ్గర గట్టిగా రికార్డయిన కొత్త పాట, దానిమీద నా బాస్ బూస్ట్ కలిశాయి. స్పీకరు కాలింది అప్పుడు. అమ్మ అడిగిన పద్యాలకు దానితో సంబంధం లేదు.

జత కుదిర్చే పద్ధతి

కొత్త స్పీకర్లు కొనేటప్పుడు మూడు అంకెలు చూశాను. మొదటిది ఆర్.ఎం.ఎస్. వాట్లు. నేను 50 వాట్లవి తీసుకుని, ఒక్కో చానెల్‌కు 4 ఓముల వద్ద 50 వాట్ల ఆర్.ఎం.ఎస్. ఇచ్చే చిన్న ఆంప్లిఫయర్ జత చేశాను. రెండూ దాదాపు సమానంగా ఉండటం మంచిది. ఆంప్లిఫయర్ కొంచెం ఎక్కువైనా, వాడేవాడికి నిదానం ఉంటే నష్టం లేదు. రెండోది సెన్సిటివిటీ, అంటే ఒక వాటుకు ఒక మీటరు దూరంలో వినిపించే మోత. 87 డెసిబెల్స్ స్పీకరు కన్నా 90 డెసిబెల్స్ స్పీకరు సగం శక్తితోనే అంతే గట్టిగా పలుకుతుంది. ఆంప్లిఫయర్ వద్దనుకునేవారు ఈ అంకె ఎక్కువున్నవి కొనుక్కుంటే చాలు. మూడోది ఓములు. ఒకే చానెల్‌కు రెండు 4 ఓముల స్పీకర్లు పక్కపక్కన కలిపితే 2 ఓములవుతుంది. దానికి తగని ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగిపోతుంది, లేదా పాడవుతుంది.

బిగించేటప్పుడు బ్యాటరీ నుంచి వచ్చే తీగ లావుగా ఉండాలి. బ్యాటరీకి అడుగున్నర లోపే ఫ్యూజు పెట్టించాలి. ఇది మాత్రం పాట కోసం కాదు, కారు అంటుకోకుండా. తలుపు స్పీకర్లకు 80 హెర్ట్జ్ హై పాస్ ఫిల్టర్ పెట్టించాను. లోతైన బాస్ వాటి దాకా వెళ్ళదు, గిన్నె హద్దు దాటదు.

ఆంప్లిఫయర్ మీది గెయిన్ మీట వాల్యూమ్ మీట కాదు. స్టీరియో ఇచ్చే సంకేతానికీ ఆంప్లిఫయర్‌కూ జత కుదిర్చేది అది. బాస్ సున్నా దగ్గర ఉంచి, స్టీరియోను ముప్పావు వంతుకు పెంచి, బాగా తెలిసిన పాట పెట్టి, గెయిన్ను మెల్లగా పెంచాలి. గొంతు మోటుగా మారిన చోట ఆగి, కాస్త వెనక్కి తిప్పాలి. అంతే, ఇక దాన్ని ముట్టుకోకూడదు. ఎప్పుడైనా పాట గరగరమంటే ఆ క్షణమే తగ్గించాలి. స్పీకరు చెప్పే ఆఖరి మాట అదే.

మన చెవులకూ ఒక ఆర్.ఎం.ఎస్. ఉంది. 85 డెసిబెల్స్ మోతను రోజుకు ఎనిమిది గంటలకు మించి వినరాదంటారు. మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ గడువు సగమవుతుంది. చెవికి మాత్రం కొత్త కాయిల్ దొరకదు.

పని పూర్తయ్యాక అమ్మను కారులో కూర్చోబెట్టి, కోసిన పాత స్పీకర్ని చేతికిచ్చి, అంతా చెప్పాను. వాట్లూ వోల్టులూ ఆమెకు ఎక్కలేదు. "తప్పు నాదమ్మా, నువ్వు అడిగినందుకు కాదు" అన్నది ఎక్కింది. మాడిన తీగను వేలితో తడిమి చూసి, "అలాగా" అంది.

మళ్ళీ అరసవల్లి వెళ్ళాం. ఇచ్ఛాపురం దాటాక పద్యాలు పెట్టాను. అమ్మ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు. కంచిలి దగ్గర నా చేతిమీద మెల్లగా తట్టింది.

"ఇంకొంచెం పెంచు నాయనా."