చిటికెన వేలు ఎత్తాల్సిన వేళ

2003 మార్చి 10. జొహానెస్‌బర్గ్‌లో శ్రీలంకతో ప్రపంచ కప్ మ్యాచ్. సచిన్ టెండూల్కర్ 97 పరుగులు చేశాడు, భారత్ 183 పరుగుల తేడాతో గెలిచింది. ఆ రోజు టీవీ ముందు కూర్చున్న వాళ్లందరికీ సెంచరీ మూడు పరుగుల్లో తప్పిపోయిందన్న బాధ ఒక్కటే మిగిలింది. క్రీజులో నిలబడిన మనిషి ఎంత అవస్థ పడ్డాడో ఎవరికీ తెలియదు. పదకొండేళ్ల తర్వాత, 2014లో వచ్చిన ఆత్మకథలో సచినే ఆ సంగతి బయటపెట్టాడు. కడుపు పాడై, లోదుస్తుల్లో టిష్యూ కాగితాలు పెట్టుకుని ఆడాడట. మధ్యలో ఒకసారి డ్రింక్స్ విరామంలో డ్రెస్సింగ్ రూమ్‌కి కూడా వెళ్లి రావాల్సి వచ్చింది.

అంతకు ముందు పాకిస్తాన్‌తో మ్యాచ్‌లో 98 కొట్టినప్పుడే ఒంట్లో నీరంతా ఇంకిపోయి కండరాలు పట్టేశాయి. తొందరగా కోలుకోవాలని శక్తి పానీయాలు బాగా తాగుతూ, వాటిలో అదనంగా ఉప్పు కలుపుకున్నాడు. ఉప్పునీళ్లు ఎక్కువైతే కడుపు కదులుతుందని మన ఇళ్లలో పెద్దవాళ్లందరికీ తెలుసు. సచిన్ విషయంలో జరిగింది అదే.

మన బళ్లలో ఈ అవసరానికి ఒక భాష ఉంది. పిల్లవాడు చిటికెన వేలు ఎత్తి చూపిస్తే చాలు, మాస్టారు తల ఊపుతారు. ఆ వేలు ఎత్తే చనువు పెద్దయ్యాక పోతుంది. ఎంత పెద్ద పదవిలో ఉంటే, ఎంతమంది కళ్లు మన మీద ఉంటే, అది అంత కష్టమవుతుంది. 2005 సెప్టెంబర్ 14న న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి సమావేశం జరుగుతోంది. అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్ పక్కనున్న విదేశాంగ మంత్రి కాండలీజా రైస్‌కు ఒక చీటీ రాశారు. బాత్‌రూమ్‌కి వెళ్లాలేమో, ఇప్పుడు కుదురుతుందా అన్నది దాని సారాంశం. రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ కెమెరాకు ఆ అక్షరాలు చిక్కాయి. మర్నాటికల్లా ప్రపంచం చదివేసింది, నవ్వుకుంది. నిజానికి ఆ చీటీలో నవ్వాల్సినది ఏముంది? సభ మర్యాద చెడకుండా ఒక మనిషి అనుమతి అడిగాడు, అంతే.

మర్యాద కోసం బిగబట్టుకున్న వాళ్ల కథ ఇంతకంటే విషాదంగా ముగిసిన సందర్భం ఉంది. టైకో బ్రాహీ పదహారో శతాబ్దపు గొప్ప ఖగోళ శాస్త్రవేత్త. దూరదర్శిని పుట్టకముందే ఆయన కంటితో చూసి కొలిచిన గ్రహ గతులే తన సహాయకుడు కెప్లర్ సూత్రాలకు పునాది. 1601 అక్టోబర్‌లో ప్రేగ్‌లో ఒక విందుకు వెళ్లి, బాగా తాగి, మధ్యలో లేస్తే అమర్యాద అవుతుందని కూర్చుండిపోయారు. ఇంటికి చేరాక మూత్రం రావడమే కష్టమైపోయింది. పదకొండు రోజులు బాధపడి ప్రాణం విడిచారు. ఈ వివరం రాసిపెట్టింది కెప్లరే. ఎవరో పాదరసం పెట్టి చంపారన్న అనుమానం చాలాకాలం నడిచింది. 2010లో సమాధి తవ్వి అవశేషాలను పరీక్షించాక ఆ అనుమానం తీరిపోయింది.

ఆటగాళ్లది వేరే ఇబ్బంది. గట్టిగా పరుగెత్తేటప్పుడు ఒంట్లోని రక్తం ఎక్కువగా కాళ్ల కండరాలకు, చర్మానికి మళ్లుతుంది. కడుపుకీ పేగులకీ అందేది బాగా తగ్గిపోతుంది. పైగా ప్రతి అడుగుకీ పేగులు కుదుపుకు గురవుతాయి. దారిలో తీసుకునే చక్కెర జెల్‌లు పేగుల్లోకి నీటిని లాగుతాయి. వీటన్నిటికీ పోటీ ముందరి గాభరా తోడవుతుంది. పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు రెండు మూడు సార్లు బాత్‌రూమ్‌కి పరుగెత్తిన వాళ్లకి ఆ గాభరా సంగతి వేరే చెప్పనక్కర్లేదు. దూరం పరుగెత్తే వాళ్లలో కడుపు బాధ అతి మామూలు విషయం. దానికి శిక్షణ లోపం, మనోబలం లోపం అని పేరు పెట్టడం అన్యాయం.

2005 ఏప్రిల్ 17న లండన్ మారథాన్‌లో పౌలా రాడ్‌క్లిఫ్‌కి జరిగింది అదే. రెండేళ్ల ముందు ఇదే లండన్‌లో 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన మనిషి ఆమె. ఈసారి సగం దారి దాటాక కడుపులో మెలిపెట్టడం మొదలైంది. మైలు తర్వాత మైలు ఓర్చుకుంది. 22వ మైలు ప్రాంతంలో ఇక వల్ల కాలేదు. రోడ్డు పక్కకి వచ్చి, జనాన్ని ఆపే ఇనుప కంచెను ఒక చేత్తో పట్టుకుని, అక్కడే కూర్చుంది. కంచెకు అవతల ప్రేక్షకులు, ఇవతల టీవీ కెమెరా. లేచి మళ్లీ పరుగందుకుంది. గీత దాటేసరికి గడియారంలో 2 గంటల 17 నిమిషాల 42 సెకన్లు. రెండో స్థానంలో వచ్చిన అమ్మాయి అయిదు నిమిషాల వెనుక ఉంది. ఆడవాళ్లు మాత్రమే పరుగెత్తే మారథాన్‌లో ఆ సమయాన్ని 2017 దాకా ఎవరూ దాటలేదు. ఆ రోజు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది కంచె దగ్గరే ఆగిపోతారు. ఆమె మాత్రం ఆగలేదు.

సైకిల్ పందెం వాళ్లకి కూర్చోవడం కూడా అంత తేలిక కాదు. వాళ్ల నిక్కర్లకు భుజాల మీదుగా పట్టీలు ఉంటాయి. పైన జెర్సీ విప్పితేగాని కిందది దిగదు. 2017 మే 23న ఇటలీ సైకిల్ పందెం ‘జీరో డి ఇటాలియా’లో స్టెల్వియో కొండల మధ్య, గులాబీ జెర్సీ తొడుక్కుని మొత్తం పోటీలో అందరికంటే ముందున్న డచ్ ఆటగాడు టామ్ డ్యూములాన్ హఠాత్తుగా ఆగిపోయాడు. సైకిల్ వదిలేశాడు, హెల్మెట్ తీశాడు, ఆ గులాబీ జెర్సీ గబగబా లాగేసి రోడ్డు పక్క గడ్డిలోకి దిగాడు. ఆ రోజు గెలిచిన వాడికంటే రెండు నిమిషాలకు పైగా వెనకబడి గమ్యం చేరాడు. అప్పటికీ మొత్తం పోటీలో ఆధిక్యం అతని చేతిలోనే ఉంది. చివరికి 31 సెకన్ల తేడాతో ఆ పందెం గెలిచాడు.

క్రికెట్‌లో ఈ విషయం పెద్ద వాదన అయింది 2017 ఫిబ్రవరిలో, పుణే టెస్టులో. ఆస్ట్రేలియా ఓపెనర్ మాట్ రెన్‌షా వయసు అప్పటికి ఇరవై. 36 పరుగుల దగ్గర కడుపు పట్టలేక, సరిగ్గా తోటి ఓపెనర్ వార్నర్ అవుటైన సమయంలో మైదానం వదిలి పరుగెత్తాడు. మాజీ కెప్టెన్ అలన్ బోర్డర్ ఆ కుర్రాణ్ణి బాహాటంగా తప్పుపట్టారు. 1986లో మద్రాసు చెపాక్‌లో, సరిసమానంగా ముగిసిన ఆ చరిత్రాత్మక టెస్టులో ఆస్ట్రేలియా కెప్టెన్ ఈ బోర్డరే. డీన్ జోన్స్ ఎండకు సొమ్మసిల్లి, వాంతులు చేసుకుంటూ, ప్యాంటులోనే మూత్రం పోతున్నా తెలియని స్థితిలో ఇక ఆడలేనన్నాడు. అయితే ఇంకో గట్టివాణ్ణి పిలుస్తానని బోర్డర్ రెచ్చగొట్టారు. జోన్స్ 210 కొట్టాడు, ఆ తర్వాత ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ ఇన్నింగ్స్‌ని ఇప్పటికీ వీరగాథగా చెప్పుకుంటారు. జోన్స్ పట్టుదలకు దణ్ణం పెట్టాల్సిందే, కానీ ప్రాణం మీదికి తెచ్చుకోవడమే కొలబద్ద కాకూడదు. రెన్‌షా తిరిగొచ్చి 68 దాకా ఆడాడు, ఆస్ట్రేలియా 333 పరుగుల తేడాతో గెలిచింది.

లేచి వెళ్లే దారే లేని చోటు అంతరిక్ష నౌక. 1961 మే 5న అమెరికా తొలి వ్యోమగామి అలన్ షెపర్డ్ ప్రయాణం పదిహేను నిమిషాలే కావడంతో మూత్రం సంగతి ఎవరూ ఆలోచించలేదు. ప్రయోగం ఆలస్యమై, ఇరుకు గదిలో వెల్లకిలా పడుకుని నాలుగు గంటలకు పైగా ఎదురుచూడాల్సి వచ్చింది. బయటికి రావడానికి అధికారులు ఒప్పుకోలేదు. సూట్‌లోనే కానిచ్చేస్తానని షెపర్డ్ పట్టుబట్టాడు. ఒంటికి అంటించిన వైద్య పరికరాలు తడికి పాడవుతాయని కరెంటు ఆపి, ఆ తర్వాతే ఊఁ అన్నారు. తడి లోదుస్తులతోనే ఆయన ఆకాశానికి ఎగిరాడు. దానికి మూడు వారాల ముందు, రాకెట్ దగ్గరికి వెళ్లే దారిలో సోవియట్ వ్యోమగామి యూరీ గగారిన్ బస్సు ఆపించి వెనక టైరు మీద పని ముగించుకున్నాడు. బైకనూర్ నుంచి వెళ్లిన వ్యోమగాములు తర్వాత దాన్ని ఆచారంగా పాటించారు.

ఆ టైరు ఆచారం మగవాళ్లకు కుదిరేది. ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి మొత్తం కథే మారిపోతుంది. 2015 డిసెంబర్‌లో అమెరికా అధ్యక్ష అభ్యర్థుల చర్చలో విరామం ముగిసినా హిల్లరీ క్లింటన్ వేదిక మీదికి రాలేదు, ఆమె లేకుండానే చర్చ మళ్లీ మొదలుపెట్టేశారు. ఆడవాళ్ల బాత్‌రూమ్ మగవాళ్లదానికంటే దూరంగా ఉంది. రెండు రోజులకు డొనాల్డ్ ట్రంప్ ఒక సభలో దాన్ని అసహ్యమన్నారు. అమెరికా ప్రతినిధుల సభ పక్కనే మహిళా సభ్యులకు బాత్‌రూమ్ ఏర్పాటైంది 2011లో. అంతవరకూ ఓటింగు గంట మోగినప్పుడు వాళ్లు దూరం నడిచి వెళ్లిరావాల్సిందే. 2013లో టెక్సాస్ రాష్ట్ర సెనేటర్ వెండీ డేవిస్ గర్భస్రావ నియంత్రణ బిల్లును అడ్డుకోవడానికి దాదాపు పదకొండు గంటలు మాట్లాడారు. కూర్చోకూడదు, దేనికీ ఆనుకోకూడదు, బయటికి వెళ్లకూడదు. ఆమె మూత్రానికి గొట్టం అమర్చుకుని నిలబడ్డారు.

ఈ కథల్లోని వాళ్ల పేర్లు ప్రపంచానికి తెలుసు. సభల బందోబస్తులో రోజంతా రోడ్డు మీద నిలబడే మన మహిళా కానిస్టేబుల్, ఊళ్ల మధ్య తిరిగే బస్సు కండక్టరమ్మ, మిర్చి కోతకు వెళ్లే కూలి మనిషి ఏ కెమెరాలోనూ పడరు. వాళ్లు చేసే పని ఒకటే. పొద్దున్న నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. దానివల్ల మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, ఎండల్లో వడదెబ్బ. 2025 జనవరిలో సుప్రీంకోర్టు దేశంలోని అన్ని కోర్టుల్లో మగవాళ్లకు, ఆడవాళ్లకు, వికలాంగులకు, ట్రాన్స్‌జెండర్లకు విడివిడిగా మరుగుదొడ్లు ఉండాలని ఆదేశించింది. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్లకు న్యాయస్థానాల్లోనే ఆ ఆదేశం అవసరమైందంటే, పొలం గట్టు మీది పరిస్థితి ఊహించుకోవచ్చు.

ఏర్పాటు చేయాలనుకుంటే చేయగలరన్నదానికి సాక్ష్యం మన తల మీదుగానే తిరుగుతోంది. మహిళా వ్యోమగాములకూ అనువుగా ఉండేట్టు నాసా కొత్త మరుగుదొడ్డి తయారు చేయించింది. దానికి 2.3 కోట్ల డాలర్లు ఖర్చయింది. 2020 అక్టోబర్‌లో దాన్ని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి మోసుకెళ్లిన సరుకుల నౌక పేరు కల్పనా చావ్లా.