పెరటి వాడుక నీటితో చామ సాగు: కొండగట్టు పరిసర గ్రామాలకు అనువైన పద్ధతి

జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని కొండగట్టు చుట్టుపక్కల గ్రామాల్లో పెరటి తోటలకు రెండు ప్రధాన అవరోధాలున్నాయి. మొదటిది వేసవిలో నీటి ఎద్దడి. గట్టు పాదాన ఉన్న ఎర్ర చల్కా నేలలు నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచలేవు. రెండవది కోతుల బెడద. టమాట, వంగ, జామ, బొప్పాయి వంటివి చేతికి రాకముందే నష్టపోవడంతో అనేక కుటుంబాలు పెరటి సాగునే విరమించుకుంటున్నాయి. ఈ రెండు అవరోధాలనూ కొంతవరకు తట్టుకోగల బహువార్షిక కూరగాయ పంట చామ. పచ్చి ఆకు, పచ్చి గడ్డ నోటికి దురద పుట్టిస్తాయి కనుక కోతులు దీనిని అంతగా ముట్టుకోవు. నీటి విషయంలో మాత్రం చామ స్వభావాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. నీటిని మోసుకొచ్చి చామను పెంచడం కంటే, నీరు ప్రతిరోజూ చేరే చోటును గుర్తించి అక్కడ చామను నాటుకోవడమే ఈ ప్రాంతానికి తగిన మార్గం.

పంట స్వభావం

చామ శాస్త్రీయ నామం కొలోకేసియా ఎస్కులెంటా. ఇది కంద చెందిన ఆరేసి కుటుంబంలోనిదే. కోస్తా జిల్లాల్లో చేమదుంప అని, తెలంగాణలో చామగడ్డ అని వ్యవహరిస్తారు. మానవుడు అతి ప్రాచీన కాలం నుండి ఆహారంగా వాడుతున్న దుంపల్లో ఇది ఒకటి. గడ్డలోని పిండి రేణువులు మిక్కిలి సూక్ష్మంగా ఉండడం వల్ల సులభంగా జీర్ణమవుతుంది. ఆకుల్లో బీటా కెరోటిన్, విటమిన్ సి, ఇనుము సమృద్ధిగా లభిస్తాయి. మన ఇళ్లలో గడ్డలతో పులుసు, వేపుడు చేయడం పరిపాటి. ఆదిలాబాద్ సరిహద్దుల్లోని మరాఠీ కుటుంబాలకు ఆకులకు శనగపిండి పూసి, చుట్టి, ఆవిరిపై ఉడికించే అళూ వడీ సుపరిచితం.

ఏనుగు చెవిని పోలిన వెడల్పాటి ఆకుల నుండి నీరు అధికంగా ఆవిరైపోతుంది. వేర్లు మాత్రం పై మట్టిలోనే వ్యాపిస్తాయి. అందువల్ల వేరు మండలంలో తేమ తగ్గిన వెంటనే అంచులు ఎండి ఆకులు వాలిపోతాయి. తేమ పూర్తిగా కొరవడినప్పుడు పై భాగం చనిపోయి, గడ్డ నిద్రావస్థలోకి వెళ్తుంది. నిరంతరం తేమ అందే చోట మాత్రం ఏళ్ల తరబడి పచ్చగా నిలుస్తుంది.

తేమ వేరు, నిలవ నీరు వేరు. తల్లి గడ్డ పెద్దదిగా పెరిగే కొన్ని రకాలు పారే నీటిలోనూ బతుకుతాయి. మన ప్రాంతంలో కూరకు వాడేది తల్లి గడ్డ చుట్టూ పిల్ల గడ్డలు ఎక్కువగా వేసే రకం. దీనికి తేమతో పాటు వేర్లకు గాలి కూడా అవసరం. వేడెక్కిన నిలవ నీటిలో గడ్డలు కుళ్లిపోతాయి. ఆదిలాబాద్ వైపు నల్లరేగడి నేలల్లో సాగు చేసేవారు ఎత్తు కట్టలపైనే నాటుకోవాలి.

నీటి లెక్క

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. రోజుకు 6 మిల్లీమీటర్ల నీటి అవసరం ఉన్న కాలంలో 10 చదరపు మీటర్ల చామ మడికి 60 లీటర్లు కావాలి. ఎండలు ముదిరిన రోజుల్లో అది 80 నుండి 90 లీటర్లకు చేరుతుంది. అంటే 15 లీటర్ల బిందెలతో నాలుగు నుండి ఆరు బిందెల నీరు. వేసవిలో ఇంత మంచినీటిని పెరటి మడికి కేటాయించడం ఏ కుటుంబానికైనా భారమే.

అయితే మిషన్ భగీరథ పథకంలో గ్రామాలకు నిర్దేశించిన పరిమాణం మనిషికి రోజుకు 100 లీటర్లు. ఆ మేరకు నీరందే నలుగురున్న ఇంట్లో వాడకం 400 లీటర్లు. ఇందులో తాగడానికి, వంటకు పోయేది స్వల్ప భాగమే. స్నానానికి, గిన్నెలు తోమడానికి, కూరగాయలు కడగడానికి వాడిన నీరు జాలారి నుండి వీధి కాలువలోకి పోతుంది. అందులో నాలుగో వంతును మళ్లించినా 10 చదరపు మీటర్ల మడికి ఎండాకాలంలో సైతం సరిపోతుంది. పూర్వం బావి గట్టు పక్కన, జాలారి వెంట చామ గుబురుగా పెరగడానికి కారణం ఇదే. పెరడు సిమెంటు నేలగా మారడంతో ఆ చోటు కనుమరుగైంది. దానిని ప్రణాళికతో తిరిగి ఏర్పాటు చేసుకోవచ్చు.

మడి తయారీ

జాలారికి దిగువన 1.2 మీటర్ల వెడల్పు, 8 మీటర్ల పొడవున స్థలాన్ని ఎంచుకోవాలి. పడమటి ఎండ నేరుగా తగలకుండా అరటి చెట్ల పక్కన గాని, ఇంటికి తూర్పు దిక్కున గాని ఉంటే మేలు. చామ పాక్షిక నీడను తట్టుకుంటుంది. మట్టిని అడుగు లోతు వరకు తవ్వి గుల్లపరచాలి. మడి మధ్యగా జానెడు వెడల్పు, జానెడు లోతు కాలువ తీసి, నీరు మెల్లగా పారేటట్లు స్వల్ప వాలు ఇవ్వాలి. కాలువకు ఇరువైపులా కట్టలు ఎత్తు చేయాలి.

కాలువ అడుగున కొబ్బరి డొప్పలను గుంట భాగం పైకి ఉండేటట్లు పరిస్తే తేమ ఎక్కువ కాలం నిలుస్తుంది. ఆంజనేయస్వామి క్షేత్రం ఉన్న కొండగట్టు పరిసరాల్లో కొబ్బరి పీచుకు కొదవ ఉండదు. నీరు ప్రవేశించే చోట గులకరాళ్లు పోస్తే మెతుకులు, నూనె జిడ్డు అక్కడే ఆగిపోతాయి. ఆ రాళ్లను తరచుగా తీసి కడగాలి. వర్షాకాలంలో వాడుక నీటిని ఇంకుడు గుంతలోకి మళ్లించడానికి వీలుగా ప్రవేశద్వారం వద్ద ఒక అడ్డురాయి ఏర్పాటు చేసుకోవాలి.

వాడుక నీటి విషయంలో జాగ్రత్తలు

మరుగుదొడ్డి నీటిని ఎట్టి పరిస్థితుల్లోనూ మడిలోకి రానివ్వరాదు. బట్టలు ఉతికిన మొదటి సబ్బు నీటిలో సోడా లవణాలు అధికంగా ఉంటాయి. దానిని ఇంకుడు గుంతకు పంపి, జాడించిన నీటిని మాత్రమే వాడాలి. నీరు కాలువలోనే పారాలి గాని ఆకులపై పడరాదు. వాడుక నీటిని తొట్లలో నిలవ ఉంచితే దుర్వాసన, దోమలు పెరుగుతాయి. ఏ రోజు నీటిని ఆ రోజే పారించాలి. మట్టిపై తెల్లని పొర కనిపిస్తే లవణాలు పేరుకున్నట్లు గ్రహించి, ఒకటి రెండు సార్లు మంచినీటితో తడపాలి. చామ మట్టిలోని భారలోహాలను గ్రహించగలదు. వాహన మరమ్మతు షెడ్ల దగ్గర, మురుగు కాలువల గట్లపై పెరిగిన చామను తినరాదు.

రకాలు, విత్తనం

తిరువనంతపురం సమీపంలోని శ్రీకార్యంలో 1963లో ఏర్పడిన కేంద్ర దుంప పంటల పరిశోధనా సంస్థ శ్రీ రష్మి, శ్రీ పల్లవి, శ్రీ కిరణ్, ముక్తకేశి రకాలను రూపొందించింది. వీటిలో ముక్తకేశి ఆకుమచ్చ తెగులును తట్టుకుంటుంది. ఇవి లభించని పక్షంలో, తిని చూసి దురద తక్కువగా ఉందని నిర్ధారించుకున్న స్థానిక రకాన్ని ఎంచుకోవచ్చు.

25 నుండి 35 గ్రాముల బరువున్న, మచ్చలు గాని కుళ్లు గాని లేని పిల్ల గడ్డలను విత్తనంగా వాడాలి. పైన చెప్పిన మడికి సుమారు 35 గడ్డలు, అంటే కిలోకు కొంచెం ఎక్కువ చాలు. గత సీజన్‌లో ఆకులపై ఈకల ఆకారపు పాలిపోయిన చారలు కనిపించిన మొక్కల నుండి విత్తనం తీయరాదు. అది వైరస్ తెగులు లక్షణం. అలంకరణకు పెంచే అలోకేసియా, కెలాడియం మొక్కల ఆకులు చామను పోలి ఉన్నా తినదగినవి కావు. కనుక కూరకు వాడే గడ్డ నుండి పెంచిన మొక్కలనే నమ్మాలి.

నాటడం, ఎరువులు

మృగశిర కార్తెలో తొలకరి పడిన వెంటనే నాటడం అనుకూలం. వరుసల మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కల మధ్య 45 సెంటీమీటర్ల ఎడంతో, 3 నుండి 5 సెంటీమీటర్ల లోతున మొలక పైకి ఉండేటట్లు నాటాలి. పసుపు వేసే రైతులకు గడ్డ నాటడం, ఆకు కప్పడం, మట్టి ఎగదోయడం అలవాటైన పనులే. నాటిన వెంటనే ఎండుటాకులు గాని గడ్డి గాని మందంగా కప్పితే మొలక సమంగా వస్తుంది, కలుపు తగ్గుతుంది.

హెక్టారుకు 12 టన్నుల పశువుల ఎరువు, 80 కిలోల నత్రజని, 25 కిలోల భాస్వరం, 100 కిలోల పొటాష్ సిఫారసులో ఉన్నాయి. ఆ లెక్కన 10 చదరపు మీటర్లకు 12 కిలోల పశువుల ఎరువు, 175 గ్రాముల యూరియా, 160 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 165 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అవసరం. పశువుల ఎరువును మడి తయారీలోనే కలపాలి. మొలకెత్తిన రెండు వారాలలోపు సూపర్ ఫాస్ఫేట్ మొత్తం, యూరియా, పొటాష్‌లలో సగం వేయాలి. మిగిలిన సగాన్ని మరో నెలకు కలుపు తీసి, మట్టి ఎగదోసే సమయంలో వేయాలి.

ఆకుకు కొన్ని, గడ్డకు కొన్ని

ఆకులను ఎక్కువగా కోస్తే గడ్డ ఊరదు. ఈ విషయం గమనించక ఒకే మొక్క నుండి రెండూ ఆశించడం వల్ల దిగుబడి తగ్గుతుంది. కాలువ మొదట్లో నీరు ఎక్కువగా అందే నాలుగైదు మొక్కలను ఆకు కోసం కేటాయించి, వాటిని గడ్డకు తవ్వకుండా ఏడాది పొడవునా నిలుపుకోవాలి. వాటికి సైతం ఒకసారి ఒకటి రెండు లేత ఆకులకు మించి కోయరాదు. మిగిలిన మొక్కలను గడ్డ కోసం వదలాలి. ఆకు గుబుర్లను రెండు మూడు ఏళ్లకు ఒకసారి తవ్వి, విడదీసి, కొత్త చోట నాటితే సత్తువ తగ్గదు.

సస్యరక్షణ

చామకు అత్యంత ప్రమాదకరమైనది ఫైటోఫ్తోరా కలిగించే ఆకుమచ్చ తెగులు. ఎడతెరపి లేని వానలు, చల్లని రాత్రులు, గాలిలో అధిక తేమ దీనికి అనుకూలం. మొదట నీటిలో నానినట్లుండే చిన్న మచ్చలు కనిపిస్తాయి. అవి వలయాలుగా విస్తరించి గోధుమ రంగుకు మారతాయి. ఉదయం వేళ మచ్చ అంచున తెల్లని బూజు, పసుపు రంగు ద్రవ బిందువులు కనిపిస్తాయి. కొద్ది రోజుల్లోనే ఆకు పూర్తిగా మాడిపోతుంది.

పసిఫిక్ ద్వీపదేశమైన సమోవాలో 1993లో ఈ తెగులు ప్రవేశించి, దేశపు ప్రధాన ఆహార పంటను, ఎగుమతులను దాదాపుగా తుడిచిపెట్టింది. అక్కడి సాగులో ఎక్కువ భాగం ఒకే రకం కావడం నష్టాన్ని తీవ్రం చేసింది. చామ గడ్డ ద్వారానే వ్యాపిస్తుంది కనుక ఒక వాడలో ఒకే ఇంటి నుండి పంచుకున్న మొక్కలన్నీ ఒకే స్వభావం కలిగి ఉంటాయి. ఒకదానికి సోకిన తెగులు అన్నింటికీ సోకుతుంది. అందువల్ల కనీసం రెండు రకాలు కలిగి ఉండడం ముఖ్యం.

మచ్చ కనిపించిన ఆకును వెంటనే కోసి, దూరంగా పూడ్చివేయాలి. సాయంత్రం వేళ ఆకులు తడపరాదు. ట్రైకోడెర్మా కలిపి మాగబెట్టిన పశువుల ఎరువు వాడాలి. ఆకు కూరకు వాడే మొక్కలపై శిలీంద్రనాశనులు పిచికారీ చేయరాదు. గడ్డ కోసమే పెంచే మడిలో తెగులు ఉధృతమైతే ఉద్యాన అధికారి సలహా మేరకు మాత్రమే మందు వాడాలి. పొగాకు లద్దెపురుగు గుడ్ల సముదాయం ఉన్న ఆకులను ఏరివేయాలి. పేనుబంకకు వేప నూనె ద్రావణం చాలు. అడవి పందులు తిరిగే చోట మాత్రం కంచె తప్పనిసరి. అవి గడ్డలను తవ్వి తింటాయి.

కోత, వినియోగం

నాటిన 5 నుండి 6 నెలలకు ఆకులు పసుపు రంగుకు తిరిగి వాలడం మొదలవుతుంది. అంటే జూన్‌లో నాటిన పంట నవంబరు, డిసెంబరు నెలల్లో కోతకు వస్తుంది. కోతకు మూడు నాలుగు వారాల ముందు గడ్డ మొక్కలకు నీరు ఆపి, ఆకు మొక్కలకు మాత్రమే పారించాలి. మంచి యాజమాన్యంలో హెక్టారుకు 15 నుండి 20 టన్నుల దిగుబడి ఇచ్చే పంట కనుక ఈ మడి నుండి 15 కిలోల వరకు ఆశించవచ్చు. నీడ ఎక్కువైతే ఇది తగ్గుతుంది. విత్తనపు గడ్డలను కడగకుండా, నీడలో ఆరబెట్టి, పొడి ఇసుకలో తదుపరి తొలకరి వరకు భద్రపరచాలి.

దురదకు కారణం సూదుల ఆకారంలోని కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. తొక్క తీసేటప్పుడు చేతులకు నూనె రాసుకోవాలి. బాగా ఉడికించి, ఆ నీటిని పారబోసి, చింతపండు చేర్చి వండాలి. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుల సలహా లేకుండా తినరాదు.

కోతులు వదిలిపెట్టే పంట, కాలువ పాలయ్యే నీరు ఒకచోట చేరితే కొండగట్టు పరిసరాల్లో చిన్న పెరడు సైతం ఏడాది పొడవునా ఆకును, శీతాకాలంలో గడ్డను ఇస్తుంది. తొలకరికి ముందే జాలారి నీరు ఎటు పోతున్నదో గమనించి, ఆ దారిలో మడిని సిద్ధం చేసుకోవడం ఇందుకు తొలి మెట్టు.