అద్దము వెనుక సముద్రము

పాఠశాలలో గాజుతొట్టి నుంచి చేపలను పెంచి చూచిన ఉపాధ్యాయులలో పెక్కుమందికి ఈ అనుభవము కలిగియుండును. నీరు మురికిగా కనిపించినదని తొట్టిని, అందలి ఇసుకను బాగుగా కడిగి, కుళాయి నీటితో నింపుదురు. నీరు స్ఫటికమువలె మెరయుచుండును. కాని కొన్ని దినములలోనే చేపలు ఒకటొకటిగా చచ్చి తేలును. కంటికి ఇంత శుభ్రముగా కనిపించు నీరు చేపలకేల పనికిరాలేదు? లక్షల లీటర్ల నీటిలో జలచరములను పెంచు ఒక పెద్ద ప్రదర్శనశాలకు పోయి, అద్దము ముందు గాక వెనుక ఏమి జరుగుచున్నదో చూచినచో దీనికి జవాబు దొరకును.

అమెరికాలో కాలిఫోర్నియా తీరమున మాంటరీ అను పట్టణము కలదు. ఒకప్పుడు అచటి సముద్రతీరపు వీధి నిండ సార్డీను చేపలను, అనగా మన కవళ్ల జాతి చేపలను, డబ్బాలలో నింపు కర్మాగారములుండెడివి. మితిమీరిన వేట వలనను, సముద్రములో కలిగిన మార్పుల వలనను 1950 ప్రాంతమునకు ఆ చేపలు క్షీణించినవి. కర్మాగారములు క్రమముగా మూతపడినవి. వానిలో ఒకటియైన హోవ్‌డెన్ కర్మాగారము 1973లో మూతపడగా, ఆ స్థలముననే 1984 అక్టోబరు 20వ తేదీన మాంటరీ బే అక్వేరియము ప్రారంభమైనది.

లోనికి పోగానే మనలను ఆకర్షించునది 28 అడుగుల ఎత్తుగల తొట్టి. ఇందు 12 లక్షల లీటర్లకు పైగా సముద్రజలమున్నది. అందులో కెల్ప్ అను గోధుమరంగు శైవలము నిలువుగా పెరిగి అడవివలె కనిపించును. దాని నడుమ చేపలు తిరుగుచుండును. ఇంత నీటిని ఆపు కిటికీ మామూలు గాజు కాదు. అంగుళముల మందముగల ఆక్రిలిక్ పలక. ఏల ఇంత మందము? విద్యార్థులు లెక్క కట్టి చూడవచ్చును. 28 అడుగులనగా సుమారు 8.5 మీటర్లు. ఒక ఘనమీటరు సముద్రజలము బరువు సుమారు 1,025 కిలోగ్రాములు. కావున తొట్టి అడుగున ప్రతి చదరపు మీటరుపై నీటి భారము దాదాపు 8.7 టన్నులగును.

ఇక మెట్లెక్కి తొట్టి పైభాగమునకు పోదము. అచట పైకప్పు లేదు. కెల్ప్‌నకు ఎండ కావలెను గనుక తొట్టిని ఆకాశమునకు తెరచి యుంచినారు. ఒక యంత్రము నిరంతరము నీటిని ముందుకు వెనుకకు ఊపుచుండును. ఇది చూపరుల వినోదమునకు గాదు. కెల్ప్‌నకు నేలనుండి ఆహారము పీల్చు వేళ్లు లేవు. అడుగున నున్నది రాతిని పట్టుకొను పట్టు మాత్రమే. అది తన పత్రములతోనే నీటిలోని లవణములను గ్రహించును. నీరు కదలనిచో పత్రముల చుట్టు నున్న లవణములు తరిగిపోవును. క్రొత్త నీరు వచ్చి తగులదు. ఎండ, కదలిక లభించుటచే కెల్ప్ ఇచట ఏపుగా పెరుగుచుండగా, ఈతగాండ్రు నీటిలో దిగి దానిని తరచుగా కత్తిరింపవలసి వచ్చుచున్నది.

క్రింది అంతస్తున పంపులున్నవి. ఇవి ఎదుటి అఖాతమునుండి నిమిషమునకు సుమారు 7,500 లీటర్ల వరకు నీటిని తోడగలవు. పగలు ఈ నీటిని ఇసుక గుండ వడపోసి తొట్టిలోనికి వదలుదురు. చూపరులకు చేపలు స్పష్టముగా కనబడుటకే ఈ ఏర్పాటు. రాత్రి తలుపులు మూసిన పిదప వడపోత ఆపి, సముద్రజలమును ఉన్నదున్నట్లు లోనికి విడిచెదరు. నీరు మసకబారును. ఆ మసకయే జీవములకు విందు! అందలి ప్లవకములు అనేక చిన్న ప్రాణులకు ఆహారమగును. వానితోపాటు వచ్చిన జీవుల డింభకములు రాళ్లకు అంటుకొని పెరుగును. ఎవరును తెచ్చి పెట్టని ప్రాణులు తొట్టిలో కాపురము చేయుట ఇందువలననే. పగటి నీరు మన కొరకు, రాత్రి నీరు వాని కొరకు.

ఈ పద్ధతిలో ఒక చిక్కు కలదు. ఆ డింభకములే నీటి గొట్టములలో కూడ అంటుకొని వానిని పూడ్చివేయును. కావున గొట్టములను అప్పుడప్పుడు శుభ్రపరుపవలెను. అంతకంటె ముఖ్యమైనది, అఖాతపు నీరు చెడినచో ఆ చెడుగు తొట్టిలోనికి కూడ వచ్చును. సముద్రము బాగున్నంతవరకే ఈ ప్రదర్శనశాల బాగుండును.

మరి సముద్రము దగ్గర లేనిచోట ఏమి చేయుదురు? ఉన్న నీటినే మరల మరల వాడవలెను. చేపల శరీరములో మాంసకృత్తులు విచ్ఛిన్నమైనపుడు పుట్టు అమోనియా మొప్పల ద్వారా నీటిలో కలియును. అది చేపలకు విషము. ఇసుకపైన, వడపోత పాత్రలలోను నివసించు బాక్టీరియాలలో ఒక తెగ దానిని నైట్రైటుగా మార్చును. అదియు విషమే. వేరొక తెగ నైట్రైటును అంతగా హానిచేయని నైట్రేటుగా మార్చును. పెద్ద ప్రదర్శనశాలలలో యంత్రములెన్ని యున్నను, ఈ పని చేయునవి కంటికి కనబడని ఈ జీవులే.

ఇప్పుడు మన పాఠశాల తొట్టిని తలచుకొందము. ఇసుకను కడిగినపుడు మనము మురికితోపాటు ఈ సేవకులను కూడ పారబోసితిమి. కుళాయి నీటిలోని క్లోరిన్ మిగిలినవానిని చంపి, చేపల మొప్పలను కూడ దెబ్బతీసినది. కావున నీటినంతటిని ఒకేసారి మార్చరాదు. వారమునకొకసారి నాలుగవ వంతు మాత్రము తీసి, వెడల్పు పాత్రలో ఒక దినము నిలువయుంచిన నీటిని పోయవలెను. ఇసుకను ఆ తొట్టి నీటితోనే మెల్లగా కడుగవలెను. క్రొత్త తొట్టిలో బాక్టీరియా స్థిరపడుటకు కొన్ని వారములు పట్టును గనుక మొదట ఒకటి రెండు చేపలనే విడువవలెను. మేత కొద్దిగా వేయవలెను.

చేపలు బ్రదుకు నీరు నిర్జీవమైన నీరు కాదు. తొట్టిలో మొదట పెంచవలసినది చేపలను గాదు, నీటిని.