వెన్నెల పడవలో మూడు జంటలు

వలపు చెప్పి రాదు. చెప్పక వచ్చిన ఆ సంతోషమును పాటలో నిలుపుట మాత్రము సులభము కాదు. 1957 మార్చి 27న విడుదలయిన విజయావారి ‘మాయాబజార్’ చిత్రమునందలి ‘లాహిరి లాహిరి’ పాట ఆ పనిని ఎట్లు సాధించినదో శ్రోతలతో కలసి విచారింతము.

పింగళి నాగేంద్రరావుగారు ఎన్నుకొన్న మాటయే మొదటి రహస్యము. సంస్కృతమున లహరి యనగా అల. తెనుగున లాహిరి యనగా మైకము. ఆ మాట చెవిని బడగానే నీటి ఊపును, మనసు మత్తును ఒక్కటైపోవును.

బాణీ సాలూరి రాజేశ్వరరావుగారిది. దానికి వాద్యములు కూర్చి తీర్చిదిద్దినవారు ఘంటసాలగారు. రాగము మోహన, మధ్యమ నిషాదములు లేక ఐదు స్వరములతోనే నడచును. అందుచేతనే, కామారెడ్డి జిల్లాలోని రాజంపేట వంటి ఊరిలో సంగీతపాఠ మెరుగని వారును రెండుమారులు విన్నంతనే దీనిని కూనిరాగముగా తీయగలరు.

ఇక సన్నివేశము. పడవలో మొదట అభిమన్యుడు, శశిరేఖ. పిదప శ్రీకృష్ణుడు, రుక్మిణి. తుదకు బలరాముడు, రేవతి. పిల్లల మైకము పెద్దలకును అంటుకొన్నది! తెరపై జంటలు మారినను, వినవచ్చునవి ఘంటసాల, పి. లీలల కంఠములు రెండే. రేడియోలో వినునపుడు ఏ చరణము ఏ వయసువారిదో మనకు తోచదు. ఆనందము మాత్రమే తోచును. అప్రయత్నముగా పుట్టినట్లున్న ఈ సొగసు వెనుక ఎంతో శ్రమ కలదు. ఆ వెన్నెల సైతము చాలవరకు ఛాయాగ్రాహకులు మార్కస్ బార్‌ట్లీగారు దీపకాంతితో కల్పించినదే.

అయితే ఈ వినోదమున ఒక ప్రశ్న దాగియున్నది. కథలో పాండవులు రాజ్యము కోల్పోగా, కలిమిలేని యింటికి పిల్లనిచ్చుటకు రేవతి సమ్మతింపదు. వెన్నెలలో పడవనెక్కిన ఆ తల్లియే కూతురి వలపును సిరితో తూచినది. మన యిండ్లలోను పెండ్లిమాటలు వచ్చినపుడు ఈ త్రాసు నేటికిని బయటికి వచ్చుచునే యున్నది గదా!

కావున దీనిని పడుచువారి పాటగా మాత్రమే మేము భావింపము. తల్లిదండ్రులును శ్రద్ధగా వినవలెను. బిడ్డల మనసు నడుగుటకు ముందు, తామును ఒకనాడు ఆ పడవలో నున్నవారమే యని తలచుకొన్నచో, ఈ పాట తన పని తాను చేసినట్లే.