ఆకాశం నుంచి దూకే ముందు వెన్నెముక సంగతి చూడండి

సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో పెరిగిన మీకు పారాచ్యూట్ కట్టుకుని దూకాలన్న సరదా ఉందా? తప్పేమీ లేదు. మన సైన్యంలో మొట్టమొదట అలా దూకిన భారతీయుల్లో ఒకరు డాక్టరే! ఢిల్లీలో సఫ్దర్‌జంగ్ అనే చిన్న విమానాశ్రయం ఉంది. విల్లింగ్డన్ విమానాశ్రయం అని పిలిచే రోజుల్లో, 1941లో, సైనికులకు పారాచ్యూట్ శిక్షణ అక్కడే మొదలైంది. ఆ ఏడాదే సైనిక వైద్యుడు ఎ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురాసింగ్ దూకారు. తర్వాత 1951 మార్చి 23న కొరియా యుద్ధంలో రంగరాజ్ దళం నుంచి 12 మంది దూకి గాయపడ్డవారికి చికిత్స చేశారు. ఆయనకు మహావీరచక్ర ఇచ్చారు.

ఇవాళ సరదాకు వెళ్లేవారిని శిక్షకుడు తన ఒంటికి కట్టుకుని, సుమారు 10,000 అడుగుల ఎత్తు నుంచి దూకుతాడు. అరనిమిషం పైగా గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో పడతారు. గొడుగు విచ్చుకున్నప్పుడు భుజాలనూ, నడుమునూ, తొడలనూ ఒక్కసారిగా గుంజుతుంది. దిగేటప్పుడు కాళ్లు చాచి పైకెత్తాలి.

పాత నల్లగొండ జిల్లావారికి ప్రత్యేకంగా చెప్పవలసింది ఇక్కడే ఉంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడు ఎక్కువున్న బోరు నీళ్లు తాగితే ఎముకలు మందమవుతాయి గాని బలపడవు, పెళుసెక్కుతాయి. వెన్ను బిగుసుకుపోతుంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. ఇప్పుడు కుళాయిల్లో కృష్ణ నీళ్లు వస్తున్నాయి, సంతోషమే. కాని చిన్నప్పుడు ఎముకల్లో చేరిన ఫ్లోరైడు అంత తేలిగ్గా పోదు.

ఇంట్లోనే పరీక్షించుకోండి. మోకాళ్లు వంచకుండా వంగి కాలివేళ్లు ముట్టుకోగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక్కి వెళ్తున్నాయా? వెళ్లకపోతే ఫ్లోరోసిసేనని హడలిపోకండి, బొజ్జ ఉన్నవారూ వంగలేరు! కాని పళ్ల మీద చిన్నప్పటి నుంచి గోధుమరంగు చారలుండి, పైగా నడుము బిగుసుకుపోతుంటే, వెన్నెముకకు ఎక్స్‌రే తీయించి ఎముకల డాక్టరుకు చూపించండి. "దూకవచ్చా?" అని సూటిగా అడగండి. టికెట్టు కొనేది ఆ తర్వాతే.

జలుబుంటే ఆ రోజుకు మానుకోండి. ముక్కుకూ చెవికీ మధ్యనున్న సన్నని గొట్టం వాచి మూసుకుపోతే, కిందికి దిగేకొద్దీ పెరిగే గాలి ఒత్తిడి కర్ణభేరిని లోపలికి నొక్కుతుంది. నొప్పి భరించలేరు, ఒక్కోసారి చిరుగుతుంది కూడా. గుండెజబ్బు, మూర్ఛ, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారూ, గర్భిణులూ ఈ ఊసే ఎత్తవద్దు. భుజం ఎప్పుడైనా తొలగి ఉంటే ముందుగానే చెప్పండి. రక్తహీనత ఉన్నవారికి అంత ఎత్తున కళ్లు తిరగవచ్చు, అక్కడ ప్రాణవాయువు నేలమీదకన్నా మూడోవంతు తక్కువ.

ఉపవాసం చేసి మాత్రం వెళ్లకండి. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు తినండి. కారప్పొడి వద్దు.