చూసి రాస్తే కాపీ... చూసి గీస్తే చదువు!

పరీక్షలో పక్కవాడి పేపరు చూసి రాస్తే మాస్టారు బయటికి పంపేస్తారు. అదే బొమ్మల బడిలో అయితే... 'చూసి గీయి' అన్నదే తొలి పాఠం!

గాంధారిలో ఉన్నా హైదరాబాద్‌లో ఉన్నా మనకు రవివర్మ బొమ్మలు కొత్త కాదు. ఆయన లక్ష్మీదేవి, సరస్వతి క్యాలెండర్లెక్కి పూజగది దాకా వచ్చేశారు. 1894లో బొంబాయిలో ఆయన పెట్టిన అచ్చుయంత్రాల చలవే అది. మరి అంతటి చిత్రకారుడికి తైలవర్ణాలు ఎవరు నేర్పారు? పద్నాలుగేళ్ల వయసులో తిరువనంతపురం రాజాస్థానానికి వెళ్తే, ఆ విద్య తెలిసిన రామస్వామి నాయకర్‌ నేర్పనన్నారు. 1868లో వచ్చిన ఐరోపా చిత్రకారుడు థియోడర్‌ జెన్సన్‌ కూడా పాఠం చెప్పలేదు. తాను వేస్తుంటే చూడనిచ్చారు, అంతే! ఆ చూపే చదువైంది. 1873లో వియన్నా ప్రదర్శనలో బహుమతి అందుకునేదాకా తీసుకెళ్లింది.

గురువు దొరక్కపోతే గొప్ప బొమ్మే గురువు. పారిస్‌లోని లూవ్ర్‌ మ్యూజియం 1793 నుంచీ చిత్రకారులను లోపలే కూర్చుని కాపీ చేసుకోనిస్తోంది. షరతుల్లో ఒకటి... అసలు బొమ్మ కొలతలో వేయకూడదు.

ఇంట్లో మొదలుపెట్టేదెలా?

మంచి ముఖచిత్రం ప్రింటు తీసుకోండి. దానిమీదా కాన్వాసుమీదా గళ్లు గీసి, ఒక్కో గడిలో ఉన్నది ఉన్నట్టు దించండి. అప్పుడే రంగుల జోలికి పోవద్దు. ముందు ఒక్క గోధుమరంగుతోనే వెలుగునీడలు తేల్చండి. ముక్కు పక్క నీడ కుదిరితే సగం ముఖం వచ్చేసినట్టే! ఆ పైన ఒంటిరంగు పలుచటి పొరలుగా వేయాలి. కింది పొరలకు టర్పెంటైన్‌ ఎక్కువ, పై పొరలకు అవిసె నూనె ఎక్కువ. తిరగేస్తే పైది ముందు ఆరి, తర్వాత బీటలు వారుతుంది. ఈ నూనె నీళ్లలా ఆవిరైపోదు, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని గట్టిపడుతుంది. అందుకే పొరకూ పొరకూ మధ్య రోజులు పడుతుంది. తొందరపడితే ముఖమంతా బురదే!

ప్రింటులో కుంచె జాడ కనిపించదు. హైదరాబాద్‌ వెళ్లినప్పుడు సాలార్‌జంగ్‌ మ్యూజియంలో అసలు తైలవర్ణ చిత్రాల ముందు కాసేపు నిలబడండి. పిల్లల్నీ తీసుకెళ్లండి.

బొమ్మ పూర్తయ్యాక మీ పేరు రాసుకోండి. పక్కనే 'రవివర్మను చూసి' అనీ రాయండి. దాస్తే దొంగతనం, చెబితే గురుదక్షిణ.

ఆ తర్వాత... నాయనమ్మను కిటికీ పక్కన కూర్చోబెట్టండి. ఈసారి చూసి గీయడానికి ప్రింటు ఉండదు. ఆ ముఖంలోని ముడతల్లో వెలుగెక్కడో, నీడెక్కడో మీ కళ్లే వెతుక్కోవాలి. నేర్చుకున్నది ఎంతో అప్పుడే తెలుస్తుంది!